తేలిగ్గా ఊపిరాడిన మాస్కు

మాస్కు పెట్టుకోగానే ఆ రోజు నా కళ్లద్దాలు మసకబారాయి. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చొక్కా అంచుతో అద్దాలు తుడుచుకుని కాగితం మీద సంతకం పెట్టాను. ఏడాది తర్వాత, అదే మాస్కు విషయంలో నన్ను అడిగినప్పుడు ఒక అబద్ధం కూడా చెప్పాను. నేను జబ్బుపడడానికి మొదటిది కారణం. నాకంటే ముందు జబ్బుపడిన ఒక మనిషి, ఆ జబ్బును చేజేతులా తెచ్చుకున్నాడని ఊరంతా అనుకోవడానికి రెండోది కారణం. ఇప్పుడు మెట్లెక్కితే మధ్యలో ఒక్కసారే ఆగుతున్నాను. రాయడానికి ఓపిక వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

నా పేరు వీరేశం. గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో పౌడరు సెక్షన్‌కు షిఫ్టు ఇన్‌ఛార్జిగా చేశాను. పైనుంచి వచ్చిన ముడిమందును ఎండబెట్టి, మరలో వేసి మెత్తగా చేసి, జల్లించి, డ్రమ్ముల్లో నింపే గదులు మావి. ఎంత జాగ్రత్తగా ఉన్నా పొడి లేస్తుంది. ట్యూబులైటు వెలుగులో చూస్తే గాలిలో నిలబడి ఉంటుంది. వేళ్ల మధ్య రుద్దితే ముఖానికి రాసుకునే పౌడరులాగే ఉంటుంది, వాసన కూడా ఉండదు. అందుకే దానికి ఎవరూ భయపడరు.

కరోనా పోయిన మరుసటి ఎండాకాలం కొత్త మాస్కులు ఎంచమని మేనేజరు గారు నాకు అప్పగించారు. సరఫరా చేసే కుర్రాడు రెండు రకాలు తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. ఒకటి గిన్నెలా గట్టిగా ఉంది, తల వెనక రెండు రబ్బరు పట్టీలు. రెండోది మడత పడేది, చెవులకు తగిలించుకునేది. రెండింటి మీదా పొడిని ఆపే శక్తి ఒకటేనని రాసి ఉంది. మావాళ్లు ఒక్కొక్కరే పెట్టుకుని చూశారు. గిన్నె మాస్కు పెట్టుకున్న వాళ్లు రెండు నిమిషాలకే పీకేశారు.

"ఎద్దుకు చిక్కం ఏసినట్టున్నది సార్."

"పొద్దంత ఇది పెట్టుకుంటే ముక్కు మీద తోలు పోతది."

చెవులది అందరికీ నచ్చింది. ఊపిరి తేలిగ్గా ఆడింది. నాక్కూడా. సరఫరా కుర్రాడు మాత్రం నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు: "సార్, రెండు చేతులు మాస్కు మీద కమ్మి గట్టిగ ఊదుండ్రి. కండ్లకు గాలి తగిలిందంటే పక్కలనుంచి కారుతున్నట్టే. గట్ల కారేది ఎంత మంచిదైనా దండగ." నేను ఊదాను. కళ్లద్దాలు మసకబారాయి. ముక్కు మీది రేకు నొక్కి మళ్లీ ఊదాను, మళ్లీ మసకబారాయి. అతను నా ముఖం వైపే చూస్తున్నాడు. చుట్టూ పన్నెండు మంది చెవుల మాస్కే కావాలని నిలబడి ఉన్నారు. భోజనాల వేళ దాటిపోతోంది. గిన్నె మాస్కు తెస్తే పెట్టించలేక రోజూ వీళ్లతో గొడవ పడాలి. "మంచిగనే ఉన్నది" అన్నాను.

తేలిగ్గా ఊపిరాడిందంటే గాలి వడకట్టకుండా అంచుల్లోంచి వస్తోందని అప్పుడు నాకు తట్టలేదని చెప్పుకోవచ్చు. కానీ తట్టింది. తట్టనట్టు ఉండిపోయాను.

దానికి తోడు ఇంకో పని చేశాం. మా గది బయట, బట్టల మీది పొడి దులుపుకోవడానికి గాలి పైపు ఉంటుంది. కంప్రెసరు గాలి, పిస్తోలులా నొక్కితే బుస్సుమని వస్తుంది. మాస్కు వారానికి రెండే ఇస్తారు. ఒక పూట వాడేసరికి దాని నిండా పొడి పట్టి ఊపిరి బరువవుతుంది. నేను ఒకరోజు మాస్కు తీసి, ఆ పైపుతో రెండువైపులా గాలి కొట్టి, మళ్లీ పెట్టుకున్నాను. కొత్తదానిలా అయింది. మొదట చూసింది అంజయ్య.

"గిట్ల కొడితే సరి, మల్ల మంచిగైతది" అని అతనికి నేనే చూపించాను. అంజయ్య నుంచి అందరూ నేర్చుకున్నారు. షిఫ్టు మధ్యలో వరసగా నిలబడి మాస్కులకు గాలి కొట్టడం మా సెక్షన్‌లో అలవాటైపోయింది. బయటి నుంచి ఎవరైనా వచ్చి చూస్తే, ఎంత శుభ్రంగా ఉంటారో అనుకునేవారు.

అంజయ్య ఎవరో చెప్పాలి. జిన్నారం అవతల మా ఊరివాడే. నాకంటే ఐదారేళ్లు పెద్ద. వాళ్ల నాయన మా పొలంలో పనిచేశాడు. భూములు పోయి ఫ్యాక్టరీలు వచ్చాక నేను ఇన్‌ఛార్జిని అయ్యాను, అతన్ని నేనే పనిలో పెట్టించాను. ఫ్యాక్టరీలో అందరూ నన్ను సార్ అంటే అతనొక్కడే పటేలా అనేవాడు. నేను అతన్ని ఏరా అనేవాడిని. ఇద్దరికీ అందులో తప్పు కనపడేది కాదు. జల్లెడ గది అతనిది. మాస్కు ఎట్లా ఉందని అడిగితే, "మీరు మంచిగున్నదంటే మంచిగున్నట్టే పటేలా" అనేవాడు.

మరుసటి శ్రావణంలో అతనికి దగ్గు మొదలైంది. సాయంత్రం బస్సు దగ్గరికి నడిచేటప్పుడు రెండుసార్లు ఆగేవాడు. ఏడాదికోసారి జరిగే వైద్య పరీక్షలో గొట్టంలో ఊదిస్తే సగం కూడా ఊదలేకపోయాడు. మేనేజరు గారు నన్ను పిలిపించారు. కంపెనీ డాక్టరు, అంజయ్య అప్పటికే అక్కడ ఉన్నారు.

"ఇతనిది పౌడరు పనే కదా వీరేశం, మాస్కుల్లో ఏమైనా తేడా ఉందా?" అని అడిగారు మేనేజరు.

మాస్కులు ఎంచిన కాగితం మీద ఉన్నది నా సంతకం ఒక్కటే. "మాస్కులు మంచిగనే ఉన్నయి సార్" అన్నాను. అక్కడితో ఆగలేదు. "బీడీ అలవాటున్నది ఈయనకు. మాస్కు కూడ గడ్డం కిందికి గుంజుకుంటడు."

అంజయ్య బీడీ మానేసి చాలా ఏళ్లయింది. కూతురి కూతురు పుట్టినప్పుడు, ముద్దు పెట్టుకోబోతే ఆ పసిది వాసనకు ముఖం తిప్పుకుందని కట్టను పొయ్యిలో వేశాడు. ఆ కథ ఊరంతటికీ తెలుసు, నాకూ తెలుసు. అతను నా వైపు ఒకసారి చూసి నేల చూపులు చూశాడు. డాక్టరు "నిజమేనా?" అని అడిగితే, "పటేలు జెప్పినంక..." అని ఊరుకున్నాడు. డాక్టరు రాసుకున్నారు. బీడీ అలవాటు, మాస్కు సరిగా వాడడు. దసరా నాటికి అతను పనిలో లేడు.

ఆ కాగితంలోని మాట అక్కడే ఉండిపోలేదు. మా ఊరి నుంచి ఫ్యాక్టరీకి వచ్చేవాళ్లు ఎనిమిది మంది. అంజయ్య చాటుగా బీడీలు తాగి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడని ఊళ్లో పాకింది. అతని భార్య బాలమణి చొక్కా జేబులు వెతకడం మొదలుపెట్టిందట. మనవరాలిని అతని పక్కన పడుకోనివ్వడం మానేసిందట. ఇవన్నీ కంపెనీ బస్సులో నవ్వుతూ చెప్పుకునేవాళ్లు. నేను కిటికీలోంచి బయటికి చూసేవాడిని.

నా వంతు తర్వాతి ఏడాది ముసుర్లలో వచ్చింది. మొదట జలుబనుకున్నాను. పొద్దున బాగానే ఉండేది. సాయంత్రం నాలుగు దాటాక ఛాతీ మీద ఎవరో చెయ్యి పెట్టి నొక్కుతున్నట్టు ఉండేది. ఊరు వదిలి మేం ఉంటున్న పటేల్‌గూడలో మా ఇల్లు రెండో అంతస్తు. మెట్ల మలుపు దగ్గర నిలబడి ఫోను చూస్తున్నట్టు నటించేవాడిని, పక్కింటివాళ్లు చూస్తారని. బతుకమ్మ సెలవుల్లో వారం ఇంట్లో ఉన్నాను. దగ్గు పోయింది. మళ్లీ డ్యూటీకి వెళ్లిన రెండో రోజే వచ్చింది. ఇది చదివేవాళ్లలో పొడి మధ్య పనిచేసేవాళ్లుంటే ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. సెలవు రోజున బాగుండి పని రోజున బాగాలేకపోతే అది జలుబు కాదు.

నా భార్య సుగుణ కనిపెట్టింది. పోపు వాసనకు నేను పది నిమిషాలు దగ్గేవాడిని. ఆమె ఇంట్లో పోపు పెట్టడమే మానేసింది. మూడు నెలలు పోపు లేని పప్పే తిన్నాం. ఒకరోజు కంచం ముందు కూర్చుని, "నీ దగ్గేమో గాని, ఈ సప్పిడి పప్పు తినలేక నేనే పోయేటట్టున్న" అంది. నవ్వబోయి ఏడ్చింది. మర్నాడే పటాన్‌చెరులో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లింది, వాళ్లు ఛాతీకి ఎక్స్‌రే తీసి నగరంలోని ఛాతీ ఆసుపత్రికి పొమ్మన్నారు.

అక్కడి బెంచీల మీద నేను గడిపిన పూటలు లెక్కపెట్టలేదు. అందరం దగ్గేవాళ్లమే కాబట్టి సిగ్గుండేది కాదు. రాళ్ల మిషను దగ్గర పనిచేసే వాళ్లు, దూది మిల్లు వాళ్లు, నేను. ఊదే పరీక్ష గదిలోంచి ఒకమ్మాయి గొంతు వినిపిస్తూనే ఉండేది: "ఊదు, ఊదు, ఊదు, ఇంకా, ఇంకా, ఆపకు." నా పక్కన కూర్చున్న ముసలమ్మ, "ఊపిరుంటే ఈడికెందుకొస్తం బిడ్డా" అని గొణిగింది. నా వంతు వచ్చేసరికి లేవలేకపోతే, ఆమే తన చేతికర్ర నా చేతికిచ్చి, "పో కొడుకా, ఊదొచ్చినంక ఇయ్యి" అంది. ఆమె పేరు కూడా నేను అడగలేదు.

డాక్టరు గారు నా వయసు వారే. "బీడీ, సిగరెట్టు?" అని అడిగారు.

"లేదు."

"వాసన గూడ పడది సార్" అంది సుగుణ.

"మరి ఇంత పొడి లోపలికి ఎట్లా పోయింది? మాస్కు పెట్టుకోరా?"

జేబులోంచి తీసి చూపించాను. పెట్టుకుని గట్టిగా ఊపిరి వదలమన్నారు. తన అరచెయ్యి నా కనుబొమల దగ్గర పెట్టారు. "ఇక్కడ గాలి కొడుతోంది. మీ ముఖానికి ఇది అతకలేదు. దీన్ని ఎన్నాళ్లు వాడతారు, ఎట్లా శుభ్రం చేస్తారు?" గాలి పైపు సంగతి చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టారు. మాస్కు నిండి ఊపిరి బరువైందంటే అది పని చేసిందన్నమాట, అప్పుడు పారేసి కొత్తది తీసుకోవాలి, అంతే. గాలి కొడితే లోపలి పొర చెడిపోతుంది. అప్పుడు మళ్లీ తేలిగ్గా ఆడుతుంది, పొడి కూడా తేలిగ్గానే లోపలికి పోతుంది. పైగా ఆ గాలి కొట్టేటప్పుడు లేచిన పొడంతా, మాస్కు లేని ముఖంతో మీరే పీలుస్తారు. ఇదంతా ఆయన కోప్పడకుండా చెప్పారు. ఊపిరితిత్తుల్లో వాపు ఉందని, కొంత తగ్గుతుందని, కొంత తగ్గదని, ఆ గదిలోకి మళ్లీ అడుగు పెట్టొద్దని చెప్పారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాకు నా జబ్బు గుర్తు రాలేదు. అంజయ్య చూసిన ఆ ఒక్క చూపు గుర్తొచ్చింది. అయినా నేను నోరు తెరవలేదు. ఇది కూడా రాయాలి. సెలవు పెట్టి ఇంట్లో ఉన్న నాలుగు నెలలూ మళ్లీ మౌనంగానే ఉన్నాను. మందులకు ముఖం ఉబ్బింది, చేతులు వణికేవి, ఎవరైనా పలకరిస్తే విసుగు. జబ్బుపడ్డ వాణ్ని, ఇప్పుడు ఇవన్నీ ఎందుకులే అనుకునేవాడిని. జబ్బు చాటున దాక్కోవడం సులువు. ఎవరూ ఏమీ అడగరు.

శివరాత్రి అయిన రెండో రోజు పొద్దున తలుపు దగ్గర దగ్గు వినిపించింది. సుగుణ తీసింది. అంజయ్య. రెండంతస్తులు ఎక్కి వచ్చి గడప బయట గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మాట రావడానికి చాలాసేపు పట్టింది.

"పటేలుకు పానం మంచిగలేదని తెల్సింది అమ్మా. సూసి పోదామని."

"లోపలికి రా, గడప కాడ నిలబడ్డవేంది" అని సుగుణ కుర్చీ వేసింది. అతను కుర్చీ అంచున కూర్చున్నాడు. నాకు అప్పుడే దగ్గు తెర వచ్చింది. గాలి లోపలికి తీసుకోబోతే అందడం లేదు. అతను లేచి నా ముందు కింద కూర్చున్నాడు.

"పీల్చకుండ్రి పటేలా. పీల్చుడు గాదు, ముందుగాల ఇడువుండ్రి. గిట్ల మూతి సున్న చుట్టి, పాలు సల్లార్చినట్టు మెల్లగ. నన్ను సూడుండ్రి. ఆ, గట్ల. సంగారెడ్డి సర్కారు దవాఖానల సిస్టర్ నేర్పింది నాకు. మూతి గిట్ల వెడితే మా మనవరాలు నవ్వుతుండె, తాత ఊదుపుల్లలు ఆర్పుతుండని." మళ్లీ ఒకసారి ఊది, "ఇప్పుడు నా దగ్గరికి వస్తలేదు లే" అన్నాడు.

"ఎందుకు?" అంది సుగుణ.

"బీడీ వాసనట. బీడీ బందువెట్టి ఏండ్లాయె అమ్మా. బాలమణి నమ్మది. కంపెనీ డాక్టరే రాసిండంటది. కాయితం మీద రాసినంక ఎవ్వరు నమ్ముతరు." ఆ మాటలో నా మీద ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది. అతను నాతోపాటు మూతి సున్నా చుట్టి ఊదుతూనే ఉన్నాడు. నాకు ఊపిరి అందింది.

అతను వెళ్లాక సుగుణకు చెప్పాను. కళ్లద్దాలు, సంతకం, గాలి పైపు, బీడీ మాట, అన్నీ. ఆమె నా వైపు చూడకుండా లేచింది. పప్పు గిన్నె తెచ్చి గట్టు మీద పెట్టి, మూత తీసి, మళ్లీ మూత పెట్టింది.

"నాకు చెప్తే ఏమైతది? నేను నిన్ను వదిలిపెట్టి పోతనా. బాలమణికి పోయి చెప్పు. నమ్మాల్సింది గామె."

ముందు ఫ్యాక్టరీకి వెళ్లాను. రెండు పేజీలు రాసి తీసుకెళ్లాను. మేనేజరు గారు చదివి, కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

"ఇప్పుడు ఇదంతా ఎందుకు వీరేశం? అతను వెళ్లిపోయి ఏడాది దాటింది. నీ ఆరోగ్యం చూసుకో."

"అతని కాగితంల నేను జెప్పిన అబద్ధమున్నది సార్. అది తీసేయాలె. దాని పక్కన ఇది పెట్టాలె."

"నీ మీదికి వస్తుంది."

"వస్తది."

తీసుకున్నట్టు సంతకం చేయించుకున్నాను. రెండో ప్రతిని కార్మిక అధికారికి పంపాను. దాని సంగతి ఇంకా తేలలేదు. అంజయ్య పేరు మీది ఆ మాట కొట్టేశారో లేదో నాకు తెలియదు. నన్ను స్టోరు గదికి మార్చారు. గాలి పైపు దగ్గర ఇప్పుడు మాస్కులకు కొట్టరాదని బోర్డు పెట్టారు. గిన్నె మాస్కులు తెప్పించారు. ఒక్కొక్కరికీ పెట్టి, ఊదించి, ముఖానికి అతికిందో లేదో చూసి ఇస్తున్నారు. గడ్డాలు తీయమన్నారు. మావాళ్లు నన్ను తిట్టుకుంటున్నారు. "నీకు దగ్గొచ్చె, మాకు చిక్కమొచ్చె" అన్నాడు ఒకడు, నా ముఖం మీదే. నిండుగా బిగిసి, చెమట పట్టించి, ఊపిరిని కొంచెం బరువు చేసే మాస్కే మంచిదని వాళ్లకు చెబుతున్నాను. వింటున్నారనుకోను.

వైశాఖంలో, నడవగలనని ధైర్యం వచ్చాక, ఊరికి వెళ్లాను. ముందుగా చెప్పలేదు. చెబితే నేనే మానేస్తానని భయం. బాలమణి వాకిట్లో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. అంజయ్య అరుగు మీద ఉన్నాడు. వాళ్ల మనవరాలు దూరంగా, దడి దగ్గర ఒక్కతే ఆడుకుంటోంది. నన్ను చూసి బాలమణి కొంగు సర్దుకుని, కుర్చీ తెమ్మని కేకేయబోయింది. వద్దన్నాను. కూర్చుంటే లేచి చెప్పలేను.

"బాలమణీ, నీ మొగడు బీడీ తాగలే. డాక్టరుకు తాగుతడని చెప్పింది నేను. అబద్ధం చెప్పిన. మాస్కు గూడ మంచిగనే పెట్టుకునేటోడు. ఆ మాస్కే మంచిది గాదు, దాన్ని తెచ్చింది నేను."

ఆమె చేతిలోని చింతపండు చేటలో పడింది. "గంత మాట ఎందుకన్నరు పటేలా?"

"నా సంతకం బయటపడ్తదని భయపడ్డ."

ఆమె నన్ను వదిలి అంజయ్య వైపు తిరిగింది. "మరి నువ్వెందుకు సప్పుడు జెయ్యలే? నేను జేబులు ఎతుకుతుంటె గూడ సప్పుడు జెయ్యలే."

"పటేలు చెప్పినంక నేనేమంట" అన్నాడు అతను, నేల చూస్తూ.

ఆమె ఏడవలేదు, నన్ను తిట్టలేదు. తిడుతుందని సిద్ధపడి వచ్చాను. చేట పక్కకు జరిపి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఊరికే కూర్చుంది. నేను అరుగు దగ్గరికి వెళ్లాను. నాలుగడుగులకే ఆయాసం వచ్చింది. అతను లేవబోతే భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, పక్కన కూర్చున్నాను.

"అంజన్నా, తప్పు నాది. నీ ఊపిరి పోయింది నా వల్ల, నీ మాట పోయింది నా వల్ల. నన్ను మాఫ్ చెయ్యి."